లాభం మొదలు ఇరవై దాకా

పెంచలప్రసాద్‌కు పాములంటే భయం లేదు. వాళ్ల అవ్వ రామలక్ష్మమ్మ అంటే మాత్రం ఉంది. పడగెత్తిన నాగుపాము ముందు చెక్కుచెదరకుండా నిలబడే మనిషి, అవ్వ చీపురెత్తితే గొడ్లపాక దాటి పరుగెత్తేవాడు. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఆ పరుగులో తేడా రాలేదు.

ఉదయగిరిలో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ‘మా వంటింట్లో పాము’ అని కబురొస్తే చాలు, విప్పిన ఫోను పేగులు బల్లమీద అలాగే పరిచి, కొక్కెం కర్ర పుచ్చుకుని బయల్దేరతాడు. ఆ ఫోను తాలూకు మనిషి తిట్టుకుంటూ కూర్చోవాల్సిందే. అలాంటి పిచ్చివాళ్లే ఇంకో ఆరుగురు తోడై పాముల జట్టని పేరు పెట్టుకున్నారు. ఇటు ఆత్మకూరు దారి నుంచి అటు సీతారామపురం దాకా ఎవరి కొంపలో పాము దూరినా, చంపనివ్వకుండా పట్టుకుపోయి అడవిలో వదిలిపెట్టడం వాళ్ల వ్యాపకం.

జట్టులో పెద్దవాడు మస్తానయ్య. గొర్రెల్ని సంతలకు తోలే బొలేరో బండి అతనిది. పామును పట్టడం కంటే పాము కథ చెప్పడంలో మొనగాడు. అతని నోట పడితే వానపాము కూడా కొండచిలువై బయటికొస్తుంది.

రెండేళ్ల కిందట ఆత్మకూరులో పనిచేసే డాక్టరు సుజన ఈ జట్టును పిలిపించింది. “పాముల్ని బతికిస్తున్నారు, మంచిదే. కరిపించుకున్నవాళ్లను బతికించడానికి కూడా ఓ చెయ్యి వెయ్యండి” అంది. పాముకాటు వైద్యం మీద ఆమె పరిశోధన చేస్తోంది. నాగుపాము విషం మనిషి కండల్ని నిద్రపుచ్చుకుంటూ పోతుంది. ముందు కనురెప్పలు, తర్వాత నాలుక, చివరికి ఊపిరి. అది ఎప్పుడు మొదలైందో దారిలోనే పసిగడితే, ఆసుపత్రిలో ఎప్పుడు ఏ మందు ఎక్కించాలో తేలుతుంది. పసిగట్టడానికి ఆమె చెప్పిన పరికరం ఏమిటంటే, నమ్మితే నమ్మండి, అంకెలు. గుండెనిండా గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా, చెడుగుడు కూత కూసినట్టు ఒకటి, రెండు, మూడు అంటూ పోవాలి. ఎంతదాకా పోయారో పది నిమిషాలకొకసారి కాగితంలో రాయాలి. లెక్క తగ్గిందంటే విషం ఊపిరి దాకా వచ్చిందని అర్థం.

జట్టువాళ్లు సరేనన్నారు. ఈ చుట్టుపక్కల తిరిగే పాముల బొమ్మలతో క్యాలెండర్లు వేసి అమ్మి, వచ్చిన డబ్బుతో ఆ కాగితాలు అచ్చు వేయించారు. ఊపిరి ఆగినవాళ్లకు చేత్తో నొక్కి గాలి పంపే రబ్బరు సంచి ఒకటి కొన్నారు. ఆత్మకూరులో ఓ బొమ్మ మూతిమీద పెట్టి దాన్ని నొక్కడం నేర్చుకున్నారు. అప్పటికి పద్నాలుగు కాగితాలు నిండాయి. సంచి కవరు మాత్రం చించే పని పడలేదు.

“అది కొత్త పెళ్లికూతురు. దాని ముసుగు తియ్యబాకండి” అనేవాడు మస్తానయ్య.

పదిహేనో కాగితం మీద రామలక్ష్మమ్మ పేరు రాయాల్సి వస్తుందని ఎవరనుకున్నారు?

ఆదివారం పొద్దున ఏడున్నర. అవ్వ గుడ్ల కోసం కోళ్లగూట్లో చెయ్యి పెట్టింది. చేతికి తగిలింది గుడ్డు కాదు. అయినా ఆవిడ కేక వెయ్యలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, మంచంమీద ఫోను చూసుకుంటున్న మనవణ్ణి పిలిచింది.

“ఒరే పెంచలా! నీ సుట్టం వచ్చినాడు. కుర్చీ వేసి కాపీ పొయ్యి.”

ప్రసాద్ నవ్వుకుంటూ లేచాడు. అవ్వ కుడి చూపుడువేలిమీద రెండు నెత్తుటి చుక్కలు చూశాక ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. గూట్లోకి ఫోను లైటు కొట్టాడు. మూలన గోధుమరంగు పడగ, పక్కకు తిప్పుకుని అతన్నే చూస్తోంది. అలాంటి పడగల్ని వందల సార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ ‘ఎంత అందంగా ఉందో’ అనుకున్నాడు. ఈసారి ఒళ్లంతా చెమట పట్టింది.

“నాగుబామేనా?”

“నాగుబామే అవ్వా.”

“గుడ్లేమన్నా మిగిల్చిందా?”

“గుడ్ల మాట దేవుడెరుగు, నువ్వు కదలబాక!”

ఊళ్లో ఎవరిని కరిచినా ప్రసాద్ చెయ్యి వణికేది కాదు. ఇప్పుడు అవ్వ వేలి ఉంగరం తియ్యబోతే మూడుసార్లు జారింది. చేతికి వెదురు దబ్బ ఆనించి, బిగించకుండా పైగుడ్డ చుట్టాడు. గూటికి అడ్డంగా బండ పెట్టాడు. నూట ఎనిమిదికి ఫోను చేస్తే, ఆ బండి కాన్పు మనిషితో సీతారామపురం వైపు ఉంది, రావడానికి గంట పడుతుందన్నారు. మస్తానయ్యకు చేశాడు. అతను రాత్రే సంత నుంచి వచ్చి పక్క పల్లెలో ఉన్నాడు. కథ చెప్పకుండా, “వస్తుండా” అన్న ఒక్క మాటతో ఫోను పెట్టేశాడు.

బండి వచ్చేలోగా మొదటి లెక్క తీసుకోవాలి.

“అవ్వా, గట్టిగా గాలి పీల్చి, మళ్లా పీల్చకుండా లెక్కబెట్టు.”

“ఏంటిని లెక్కబెట్టేది?”

“ఒట్టి అంకెలేలే.”

“ముందర ఏమీ లేకుండా లెక్కేందిరా? నేనేమన్నా ఒకటో తరగతిలో ఉండానా?”

“నీకు దండం పెడతా, లెక్కబెట్టవే!”

రామలక్ష్మమ్మ గాలి పీల్చింది. “లాభం, రెండు, మూడు, నాలుగు...” అంటూ మొదలెట్టింది. ఆవిడకు ‘ఒకటి’ అనే అంకె లేదు. కాటాలు రాకముందు ఈ పల్లెల్లో కళ్లాల మీద ధాన్యం కొలిచిన మనిషి. కొలిచేవాళ్లు మొదటి తూమును లాభం అనే అంటారు. కాటాలొచ్చి కొలతలు పోయినా ఆవిడ లాభం పోలేదు. ఇడ్లీలు లెక్కపెట్టినా లాభంతోనే మొదలు. “...పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై” అని ఆపింది.

“చాల్లే అవ్వా” అని ప్రసాద్ కాగితంలో 20 రాశాడు.

బొలేరో వచ్చింది. వెనక తొట్టిలో గొర్రెల వాసన ముక్కులు పగలగొడుతోంది. రేకుమీద గడ్డి, గడ్డి నిండా పెంటికలు. ఊడ్చే తీరిక ఎవరికుంది? వాటిమీదే బొంత పరిచి అవ్వను పడుకోబెట్టారు. ప్రసాద్ పక్కన కూర్చున్నాడు. సంచి కవరు ఒళ్లో పెట్టుకున్నాడు.

“నన్ను గొర్రెను చేసి సంతకు తోలుతుండారా?” అంది అవ్వ.

“నిన్ను ఎవురు కొంటారు పెద్దమ్మా, పళ్లు చూస్తారు గదా!” అన్నాడు మస్తానయ్య, బండి దూకిస్తూ.

దారి పట్టాక అతని గొంతు లేచింది. కరిచినవాళ్లు భయంతో గుండె కొట్టుకోకుండా కథ చెప్పడం జట్టులో అతని పని. వెనక అద్దం తెరిచి, చూపు రోడ్డుమీదే పెట్టి అరుస్తున్నాడు.

“పెద్దమ్మా, ఉదయగిరి దుర్గం మీద మా తాత ఒక పామును చూసినాడు. పొట్టేలును కొమ్ముల్తో సహా మింగేసింది. ఆ కొమ్ములు లోపల అడ్డం పడినాయి. పొట్టేలు చావలేదు, పాము చావలేదు. మూడోనాడు ఆ పొట్టేలు పామును గొంగళి మాదిరి కప్పుకోని మంద్లోకి నడిచి వచ్చింది!”

“మీ తాత ఆ పొట్టేలును అమ్మినాడా?”

“అమ్మినాడు. గొంగళికి వేరే రేటు.”

అవ్వ నవ్వింది. ప్రసాద్ కనురెప్పలు చూశాడు. వాలినట్టే ఉన్నాయి. కానీ ఆపరేషనైన ఆ కళ్లు ఎండకు ఎప్పుడూ సగం మూసుకునే ఉంటాయి. ఎప్పుడూ ఉండేదే అనుకున్నాడు. అనుకోవాలనిపించింది.

ఏడూ యాభైకి లెక్క: లాభం మొదలు ఇరవై దాకా. ఎనిమిదికి మళ్లీ ఇరవై. రాసిన ప్రతిసారీ ప్రసాద్ గుండెమీద బండ ఒక వేలెడంత జరిగింది.

దారిలో ఒక చిన్న ఆసుపత్రి వస్తుంది. విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటుంది, ఊపిరి ఆడించే మిషను ఉండదు. డాక్టరు సుజన పెట్టిన నియమం తేలిక. లెక్క తగ్గుతుంటే అక్కడే ఆగి మందు మొదలెట్టించాలి. తగ్గకపోతే అక్కడ ఆగి పొద్దు పోగొట్టకుండా నేరుగా ఆత్మకూరు రావాలి. ఆ ఆసుపత్రి బోర్డు కనపడుతుండగా ప్రసాద్ ఆమెకు ఫోను చేశాడు. అప్పుడే తీసిన లెక్క కూడా ఇరవయ్యే.

“ఎంత?” అంది ఆమె.

“ఇరవై మేడం. మొదటి నుంచీ ఇరవయ్యే. ఒక్కటి కూడా తగ్గలేదు.”

“పెద్దావిడకు ఇరవై మంచి లెక్కే. తగ్గలేదంటే ఆగొద్దు, వచ్చెయ్యండి. నేను అన్నీ సిద్ధం చేస్తా.”

బొలేరో ఆ ఆసుపత్రి గేటు ముందునుంచే పోయింది. గేటు పక్కన ఒకాయన పళ్లు తోముకుంటూ నిలబడి చూశాడు. తర్వాత చాలా రోజులు ప్రసాద్‌కు ఆ పళ్లు తోముకునే మనిషి కలలోకి వచ్చాడు.

మస్తానయ్య ఇంకో కథ ఎత్తుకున్నాడు. తోక సీతారామపురంలో, తల ఉదయగిరిలో ఉన్న పాము కథ. తోక తొక్కితే తలకు తెలియడానికి రెండు రోజులు పట్టిందట. కథ అయిపోయింది. తొట్టిలోంచి జవాబు లేదు.

“ఏం పెద్దమ్మా, అబద్దమనవే?”

మస్తానయ్య అబద్ధానికి రామలక్ష్మమ్మ జవాబు చెప్పకపోవడం, పొద్దు పడమట పొడవడంలాంటిది.

ప్రసాద్ వంగి చూశాడు. ఆవిడ మేలుకునే ఉంది. ఎడమ చెయ్యి రేకుమీద ఉంది. ఆ చేతి పక్కన, రేకు గాడిలో, మూడు పెంటికలు ఒకే వరసలో ఉన్నాయి. నల్లగా, గుండ్రంగా, నాటిన విత్తనాల్లాగా. బండి కుదుపుకు దొర్లినవి అంత తీరుగా ఉండవు. ఎవరో పేర్చినవి.

“అవ్వా, ఇవేంది?”

“గు... గుర్తురా” అంది అవ్వ. మాట ముక్కులోంచి వచ్చింది. “పుట్టికొకటి.”

ప్రసాద్‌కు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది.

ఇరవై తూములు ఒక పుట్టి. కళ్లంలో కొలిచే మనిషి ఇరవై అనగానే ఆగుతుంది. ఒక గింజో, గులకరాయో పక్కన గుర్తు పెట్టి, మళ్లీ లాభం నుంచి మొదలెడుతుంది. ఇరవై ఒకటి అనే అంకె కళ్లంలో పుట్టనే లేదు. అవ్వ ఊపిరి అయిపోయి ఆగలేదు. పుట్టి అయిపోయిందని ఆగింది. మొదట్లో ఆ ఊపిరికి రెండు పుట్లు వచ్చేవేమో! అందులో ఒక పుట్టి విషం దోచుకుపోయిందేమో! ఆ దొంగతనం ఏదీ కాగితంలోకి ఎక్కలేదు. ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై అని నున్నగా రాసి, ఆ రాతను నమ్మి, మందున్న గేటు దాటించి అవ్వను ఇంత దూరం తెచ్చాడు.

“అవ్వా! మళ్లా లెక్కబెట్టు. ఇరవై దగ్గర ఆగబాక. దాటి పో!”

“దాటి... యాడికి పోయేది?”

“యాడికన్నా పో! గాలుండేదాకా పో!”

“లాభం... రెండు... మూడు...” ప్రసాద్ ఆవిడ పెదాల్నే చూస్తున్నాడు. పదమూడు. పద్నాలుగు. పదిహేను అనబోయి, గాలి చాలక నోరు తెరిచింది. ఈసారి పక్కన పెట్టడానికి పుట్టి కాలేదు. ఆవిడ చెయ్యి ఒక పెంటికను వెతికి, తీసుకోకుండానే ఆగిపోయింది. కనురెప్పలు ఎత్తబోయింది, అవి లేవలేదు. ఎండ తప్పు కాదు అది.

“మామా! బండి ఆపు!”

ఫోనులో ప్రసాద్ మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. “మేడం, నేను తప్పు రాసినాను. అవన్నీ ఇరవైలు కాదు. ఇప్పుడు పద్నాలుగు. రెప్పలు వాలిపోయినాయి, మాట ముక్కులో వస్తుండాది.”

“ఎక్కడున్నారు?”

“చిన్నాసుపత్రి దాటి తొమ్మిది కిలోమీటర్లు. మీకు ఇంకా ముప్పై ఉండాది.”

“వెనక్కి తిప్పండి. నేను వాళ్లకు ఫోను చేసి మందు సిద్ధం చేయిస్తా. ప్రసాద్, సంచి ఉందా?”

“ఉండాది.”

“కవరు చించు.”

మస్తానయ్య ఆ సన్న రోడ్డుమీద బండిని తిప్పిన తీరు గురించి తర్వాత చాలా కథలు పుట్టాయి, రెండు చక్రాలు గాల్లో లేచాయని కూడా. ఆ పొద్దున మాత్రం అతను కథేమీ చెప్పలేదు. మలుపు తిరిగేసరికి రోడ్డునిండా గొర్రెల మంద. మస్తానయ్య తల బయటపెట్టి, నాలుక మడిచి ‘ట్ర్ర్ర్ హోయ్’ అని ఒక కేక వేశాడు. ముప్పై ఏళ్లుగా గొర్రెలతో మాట్లాడిన గొంతు. మంద రెండుగా చీలింది. కాపరి ఏదో అరిచాడు, వినపడలేదు.

“లెక్కబెట్టవ్వా. ఆపబాక.”

“లా...భం. రెం...” తొమ్మిది దాకా వచ్చింది. నోటి చివర చొంగ జారుతోంది. మింగలేకపోతోంది. ప్రసాద్ ఆవిణ్ణి పక్కకు తిప్పి తుడిచాడు. ఇంకోసారి అడిగితే అయిదు. ఆ తర్వాత పెదాలు కదిలాయి గానీ అంకె రాలేదు. ఎడమ చేతి వేళ్లు మాత్రం అతని మణికట్టు పట్టుకున్నాయి. ఆవిడకు అన్నీ తెలుస్తున్నాయి, అన్నీ వినపడుతున్నాయి. ఆ సంగతి ప్రసాద్‌కూ తెలుసు. ఈ విషం కండల్ని పడుకోబెడుతుంది, తెలివిని పడుకోనివ్వదు. లోపల మేలుకుని ఉన్న మనిషిమీద తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి.

వేళ్ల పట్టు సడలింది. రొమ్ము లేవడం ఆగింది.

ప్రసాద్ కవరు పళ్లతో చించాడు. అవ్వను వెల్లకిలా తిప్పి, తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, మూతిమీద రబ్బరు తొడుగు ఆనించి నొక్కాడు. గాలి పక్కలనుంచి తుస్సుమని పోయింది. ఆత్మకూరు బొమ్మకు బోసినోరు లేదు, కుదుపులు లేవు. మళ్లీ ఆనించాడు. తన బరువంతా వేళ్లలోకి తెచ్చి నొక్కాడు. రొమ్ము లేచింది.

అయిదు సెకన్లకు ఒక నొక్కు. లెక్క తప్పకూడదు. అతని నోట్లోంచి వచ్చిన అంకె ‘ఒకటి’ కాదు.

“లాభం.” నొక్కు. “రెండు.” నొక్కు. “మూడు.”

“బతికుండాదా?” అని ముందునుంచి మస్తానయ్య అరిచాడు. జవాబు చెబితే లెక్క తప్పుతుంది. “పంతొమ్మిది. ఇరవై.” మోకాలితో ఒక పెంటికను పక్కకు నెట్టాడు. మళ్లీ “లాభం.” అవ్వ ముఖం నల్లబడుతోందో, తన కళ్లే చీకట్లు కమ్ముతున్నాయో తెలియలేదు. దారి ఎంత మిగిలిందో తల ఎత్తి చూసే ధైర్యం లేదు.

గేటు దగ్గర బండి ఆగేసరికి మూడు పుట్ల పదకొండు. ఆ పళ్లు తోముకున్న ఆయనే పరుగెత్తుకొచ్చాడు. అక్కడి డాక్టరు ఆయనే.

సూది పడింది. సీసాలు ఎక్కాయి. సీతారామపురం వైపు వెళ్లిన నూట ఎనిమిది కాన్పు మనిషిని దించి, తిరిగి ఇటే వచ్చింది. ఆత్మకూరు దాకా బండిలో వాళ్లే సంచి నొక్కారు. ప్రసాద్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని వేళ్లు మాత్రం దారి పొడుగునా ముడుచుకుని విప్పుకుంటూనే ఉన్నాయి.

నాలుగు రోజులు మిషను ఊపిరి ఆడించింది. రెండోరోజు ప్రసాద్ ఆ కాగితం తెచ్చి డాక్టరు సుజన ముందు పెట్టాడు.

“ఈ నాలుగు ఇరవైలు కొట్టేస్తాను మేడం. అబద్దాలు.”

“కొట్టెయ్యొద్దు” అంది ఆమె. “నీకు వినిపించిందే రాశావు. పక్కన, ఎందుకు ఆగిందో రాయి. ఈ పరిశోధన చేసేది నేను. లెక్కపెట్టమన్నానే గానీ, ఎవరు ఎలా లెక్కపెడతారో నేను ఒక్కరినీ అడగలేదు.” ఆమె పాత కాగితాల కట్ట ముందుకు లాగింది. “మిగతా పద్నాలుగు కాగితాల్లోనూ ఎవరు ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో... మీ జట్టు మళ్లీ ప్రతి ఇంటికీ వెళ్లి అడగాలి.”

“పోతాం మేడం” అన్నాడు మస్తానయ్య తలుపు దగ్గర్నుంచి. అతని మొహంలో ఒక్క కథ కూడా లేదు.

అయిదోరోజు గొంతులోని గొట్టం తీశారు. ఆరోరోజు అవ్వ గొంతు పెగిలింది. మనవణ్ణి చూసి ఆవిడ అన్న మొదటి మాట, “నీ సుట్టం పోయినాడా?”

“అడవిలో వదిలిపెట్టినారు అవ్వా, జట్టువాళ్లు.”

“గుడ్లకు బాకీ పడినాడు. చెప్పు.”

డాక్టరు సుజన నవ్వి మంచం పక్కన నిలబడింది. “పెద్దమ్మా, గాలి పీల్చి లెక్కపెట్టండి. మీ ఇష్టమొచ్చినట్టే.”

రామలక్ష్మమ్మ గాలి పీల్చింది. గొంతు బొంగురుగా ఉంది. “లాభం... రెండు... మూడు...” ప్రసాద్ కిటికీ వైపు తిరిగాడు. వినకుండా ఉండలేడు, చూడలేడు. పదకొండు. పద్నాలుగు. ఆ పద్నాలుగు దగ్గర అతని చేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి. పదిహేను వచ్చింది. పంతొమ్మిది. ఇరవై.

ఆగింది.

తిరిగి చూడాలంటే ప్రసాద్ మెడ తిరగలేదు. దుప్పటిమీద ఏదో వెతుకుతున్న చెయ్యి, పక్కనున్న మాత్రల అట్ట గరగరలాడటం, ఒక మాత్ర ఇనప బల్లమీద టక్కుమని పడటం వినిపించాయి.

“లాభం” అంది అవ్వ.